నోరు తిరుగుట

మన తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియనని పొగడుట వినివిని చెవులకు అలవాటైపోయినది. కాని ఆ పొగడ్తలో పోలికకు తెచ్చిన భాషను ఒక్కనాడైనను నోట పలికి చూచినవారు మనలో ఎందరుందురని నాకు చిరకాలమునుండి ఒక కుతూహలము. పదాంతమున అచ్చుండుటయే సామ్యమునకు చాలునేని ఆ భాష మన నాలుకపై వెన్నవలె కరగవలెను గదా యని తలచి, తల నెరసిన పిమ్మట, గడచిన సంవత్సరము, దానిలో అక్షరాభ్యాసమునకు కూర్చుంటిని. నాకు పాఠము చెప్పువారు పెరూజ నగరమున చిరకాలము బడిలో బోధించి విశ్రాంతి పొందిన వృద్ధురాలు. వారమునకు రెండు పర్యాయములు టెలిఫోనులో దొరకుదురు. తొలి పాఠమున నేను వారి దేశము పేరు పలుకగానే పంతులమ్మగారు నన్ను ఆపిరి. నేను పలికినది 'ఇటాలియా'. వారు పలికినది 'ఇతాలియ'.

ఆ ఒక్క తకారము నాకు కన్ను తెరిపించినది. ఆంగ్లేయుల నాలుక పంటిని తాకక పైచిగురును తాకును గనుక వారి పలుకు మన చెవికి ట, డ లుగా వినబడును. వారి ద్వారమున మనకు చేరిన ఇటలీ, డాంటే, టస్కనీ యను పేర్లు ఆ ముద్రతోనే నిలిచిపోయినవి. స్వదేశమున ఆ మహాకవి 'దంతె', ఆయన పుట్టిన సీమ 'తొస్కాన'. మన త, ద లు ఎట్లు పండ్లనంటి పుట్టునో వారివియు నట్లే పుట్టును. అనగా నా నోటికి ఆ ధ్వని పుట్టుకతో వచ్చినదే. నడుమ నిలిచిన దుబాసి దానిని మార్చి నాకందించెను, నేను పరీక్షింపక పుచ్చుకొంటిని. పదాదిని క, త, ప లను పలుకునపుడు ఆంగ్లమున వెలువడు ఊపిరియు ఇటాలియనున వెలువడదు. పంతులమ్మగారు చెప్పగా ఒక పలుచని కాగితపు పేలికను పెదవుల ముందర పట్టుకొని 'పాద్రె' యంటిని, తండ్రియని అర్థము. కాగితము కదలినది. మరల ననిన మరల కదలినది. అప్పుడు ఏమి తోచెనో, 'పాలు, పప్పు, పండుగ' యని మన మాటలు పలికి చూచితిని. కాగితము నిశ్చలముగా నుండెను. ఆ వరుసలోనే ఆగక, 'పాలు, పప్పు, పండుగ, పాద్రె' యంటిని. కదలలేదు. నేర్చుకొనవలసినది కొత్త ధ్వని కాదనియు, తొలగింపవలసినది ఆంగ్లపు టలవాటనియు నాకు ఆ కాగితమువలన తెలిసినది.

వారి అక్షరమాలలో సొంత వర్ణములు 21 మాత్రమే. ఏబదియారు వల్లించినవారికి అదేమి లెక్క యనిపించును. చిక్కు సంఖ్యలో లేదు, ఒకే వర్ణము రెండు ధ్వనులకు నిలుచుటలో నున్నది. 'సి' యను రోమను వర్ణము అ, ఒ, ఉ ల ముందర కకారము, ఇ, ఎ ల ముందర చకారము. ఇల్లు 'కాస', రాత్రి భోజనము 'చేన'. ఇ, ఎ ల ముందర కకారమే కావలసివచ్చినచో నడుమ 'హెచ్' వర్ణమును నిలుపుదురు, కాబట్టి ఆంగ్లమున చకారమును సూచించు జంటయే ఇక్కడ కకారమును సూచించును. మన హోటళ్లలో 'బ్రుషెట్టా'గా చెలామణియగు కాల్చిన రొట్టెముక్క ఇటలీలో 'బ్రుస్కెత్త'. ఈ నియమమును కంఠస్థము చేసి, మరచి, మరల కంఠస్థము చేసి విసిగియున్న దినములలో, ఒక తెల్లవారుజామున, వేరొక పనిమీద చిన్నయసూరి బాలవ్యాకరణమును తిరుగవేయుచుంటిని. ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చ, జ లు తెలుగు మాటలలో తాలవ్యములనియు, అ, ఉ, ఒ మొదలగువానితో కూడినవి దంత్యములనియు 1858 నాటి ఆ గ్రంథము చెప్పుచున్నది. చిలుకలోని చకారమును చలిలోని చకారమును ఒకటి కావని మన పల్లెలలో చదువురానివారికిని నోటికి తెలుసు. అచ్చుల పంపకము రెండు భాషలలోను ఒక్కటే! లాటినున సర్వత్ర కకారముగా నుండిన ధ్వని ఇ, ఎ ల పొరుగున క్రమముగా అంగిలివైపు జరిగి చకారమైనది. తన కాలమున 'కికెరొ' యనిపించుకొన్న మహావక్తను నేటి ఇటలీవారు 'చిచెరోనె' యందురు. కన్నడిగుల 'కివి' మనకు 'చెవి', వారి 'కెరె' మన 'చెఱువు'. ఇకార ఎకారములకు నాలుక ముందుకు సాగి అంగిలికి చేరువగుటయే ఇందులకు కారణము. ఆ నాలుకకు రోమును తెలియదు, రాజమహేంద్రవరమును తెలియదు. ఆనాటినుండి ఆ నియమమును నేను వల్లింపలేదు, మరువను లేదు.

మనము 'పిజ్జా' యని వ్రాయుదానిని వారు 'మచ్చ'లోని దంత్య చకారపు ద్విత్వముతో పలుకుదురు. వర్ణమాలలో వల్లించి, ఆపై జీవితమంతయు ఒంటిగా వాడుకొనని మన ఞకారము బొలోఞ్ఞ నగరము పేరిట నిండుగా పలుకును.

ద్విత్వముల విషయమున తెలుగువాని భాగ్యమే భాగ్యము. గుడి వేరు, గుడ్డి వేరు. కల వేరు, కల్ల వేరని ఉగ్గుపాలతో ఎరిగినవారము. ఇటలీలో 'సేతె' దాహము, 'సెత్తె' ఏడు. 'నోనొ' తొమ్మిదవది, 'నొన్నొ' తాత. ద్విత్వమునకు ముందరి అచ్చు కుదియుటయు, ఒంటి హల్లునకు ముందర ఊనికగల అచ్చు సాగుటయు వారి రోమను లిపిలో కనబడవు గాని మన లిపిలో దీర్ఘములతో స్పష్టముగా కనబడును. అంతకంటె అబ్బురమైనది మరియొకటి కలదు. 'ఇంటికి' యనుటకు వారు 'అ కాస' యని రెండు మాటలుగా వ్రాసి, రోములోను తొస్కానలోను 'అక్కాస' యని కలిపి పలుకుదురు. ఆ కాలము అక్కాలమైనట్లు! త్రికసంధిని బడిలో బెత్తమునకు వెరచి నేర్చిన నాకు, అది సముద్రములకావల ఒక జాతి నోట సజీవముగా వినవచ్చినపుడు కలిగిన సంతోషము ఇంతయని చెప్పజాలను. 'ద', 'వేరొ' యను రెండు మాటలు కలిసి, నిజముగా నను అర్థమున 'దవ్వేరొ' యై, వ్రాతలోను అట్లే స్థిరపడినది.

రేఫమునందును ఇట్టి ముచ్చట యొకటి యున్నది. 'కారొ' యనగా ప్రియమైనది. రేఫను రెట్టించి నాలుకకొనను పలుమారు కంపింపజేసి 'కర్రొ' యన్నచో బండి. శకటరేఫమును బండి ఱ యని పిలిచి, పలుకుబడిలో దానిని పోగొట్టుకొన్నవారము మనము. బండి యను మాటలోనే ఆ కఠిన రేఫను వారు దాచుకొనియున్నారు. యాదృచ్ఛికమే, కాని నాకు ప్రియమైన యాదృచ్ఛికము.

ఎ, ఒ లు వారికి రెండేసి విధములు. నోరు విప్పి పలికిన 'పెస్క' ఒక పండు, ముడిచి పలికిన 'పెస్క' చేపలవేట. ఈ భేదము మనకు లేదనుకొంటిని. కోట యనునపుడును కోటి యనునపుడును అద్దములో నా పెదవులను చూచుకొనగా ఉన్నదని తేలినది. అయినను దీనికొరకు ఆరంభకుడు ప్రాణము విసిగించుకొన నక్కరలేదు. ఉత్తరమున మిలానోవారును దక్షిణమున నాపొలివారును ఈ విషయమున తొస్కానతో ఏకీభవింపరు. అందుకే రేడియోలో వార్తలు చదువువారి కొరకు మిల్యొరీని, తల్యవీని, ఫ్యొరెల్లి యను మువ్వురు పండితులు కూర్చిన ఉచ్చారణ నిఘంటువు 1969లో వెలువడినది.

ఇంతవరకు అంతయు చుట్టరికమే. ఊనిక దగ్గర ఆ చుట్టరికము తెగినది. మాటలో ఒక్క అక్షరమును ఎత్తి తక్కినవానిని దించుట తెలుగున లేదు. గురులఘువుల తూకమునకు అలవడిన చెవి మనది. 'మందొర్ల' యనగా బాదముగింజ. మన ఛందస్సున అది నిండైన తగణము, గురువులు రెండు సమానులు. ఇటలీవారు మొదటి గురువునకే పట్టము కట్టి రెండవదానిని అణచివేయుదురు. ఏ అక్షరమునకు పట్టమో వ్రాతలో చూపరు, కడపటి అచ్చుకైనచో మాత్రము పైన గీత గీయుదురు. 'తారంతొ' నగరమును నేను నెలదినములు 'తరాంతొ' యంటిని. అర్థమైనదని చెప్పుటకు 'ఒ కపీతొ' యనవలసియుండగా ఊనిక మొదటికి జారినది. మొదటికి జారినచో 'తటస్థపడుచున్నాను', కడకు జారినచో 'సంభవించెను'. పంతులమ్మగారు పాఠము ఆపి, బల్లపై వ్రేలితో తట్టుచు ఆ మూడు రూపములను నాచేత వేరువేరుగా పలికించిరి. ఆ తట్టు టెలిఫోనులో నాకు వినబడుచుండెను. వారు తట్టిన చోట నేనును నా బల్లపై తట్టితిని. ఏబది పర్యాయములు తట్టిన పిమ్మట గాని చేయియు నోరును ఒక్క క్షణమున పడలేదు. ఇక్కడ చిన్నయసూరి నాకు తోడురాలేదు. నాకు రానిది నిజముగా రానిదని ఒప్పుకొని, పసివానివలె నేర్చుకొనవలసివచ్చినది.

పాఠమున వారు మాటిమాటికి పలుకు మాట 'అంకోర'. మరల యని అర్థము. ఊనికను మొదటి అక్షరమునకు తెచ్చిన అదియే ఓడ లంగరు; తొలిదినములలో రెంటిని వేరుచేసి వినలేకపోతిని, ఇప్పుడు వినగలుగుచున్నాను.

మొన్నటి పాఠము 'తెలేఫొననొ' యను మాట. వారు టెలిఫోను చేయుచున్నారని అర్థము. ఊనిక కడనుండి నాలుగవ అక్షరమున, 'లే'పై పడి, తక్కిన మూడును మెట్లు దిగినట్లు దిగిపోవలెను. నేను మూడవ మెట్టున తొట్రుపడితిని. బల్లపై తట్టితిని, మరల ననితిని, దిగితిని. ఆవల కొంతసేపు నిశ్శబ్దము. తరువాత పెరూజనుండి ఆ మెల్లని కంఠము వినవచ్చినది.

'అంకోర.'