వినువారి గ్రంథము

గత ఆదివారము మైత్రీవనము కూడలిలో, శిక్షణాలయముల ప్రకటనఫలకముల నీడను బస్సుకై వేచియున్న యొక వృద్ధురాలు మనుమరాలిచేత బైబిలు చదివించుకొనుచు, బాలిక ఒక పదమును దాటవేయగానే ‘అది గాదు బిడ్డా, మళ్ల చదువు’ అని సవరించుట వింటిని. ఆమెకు అక్షరములు రావని వారి మాటలవలన తెలిసినది. వారమంతయు అది విన్న సంతోషము నన్ను విడువలేదు.

గ్రంథము మొదట, ప్రసంగము పిదప అను నా పట్టుదల ఈ శీర్షిక చదువువారికి క్రొత్త గాదు. గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను కేంద్రముగా దీర్ఘకాలము వాక్యము చెప్పి 2000 సంవత్సరమున ఈ హైదరాబాదు నగరముననే పరమపదించిన భక్తసింగ్ సైతము, 1929లో కెనడాలో కొత్త నిబంధనను తనంత తాను చదువుకొనుచు విశ్వాసమునకు వచ్చినవాడే గదా! ధ్వనివర్ధకముల హోరులో ఆ యేకాంతపఠనమున కవకాశమెక్కడిదని పలుమాఱులు వాపోయితిని.

అయితే మిషనరీ డెగ్రాంజెస్ అనువదించిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడిననాడు వానిని చదువగలవారెందఱు? 1876–78 నాటి మహాక్షామమున, ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించినపుడు, ఆయన బోధకులే మేస్త్రీలై, తట్టలు దించి సేదదీరు మాదిగ కూలీల నడుమ కూర్చుండి క్రీస్తు కథ చెప్పిరి. గుడిలో ప్రవేశము, బడిలో పలక లేని ఆ జనులకు వేదము కంటికి గాక చెవికే దక్కినది. వారు దానిని పట్టుకొనిన పట్టు సామాన్యము గాదు. క్షామము తీఱిన పిదప, 1878 జూలై 3న వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము కొఱకు వచ్చినారని ఆనాడే కొందఱు శంకించిరి; కరవు పని ముగియువఱకు బాప్తిస్మమీయక క్లౌ నిలిపియుంచెనన్న సంగతిని వారు తలపరైరి.

కావున చదువు లేని శ్రోతను తక్కువచేసిన నా వాదము నిలువదు. కంఠత వాక్యమును గుండెలో దాచుకొనిన ఆ వృద్ధురాలియెదుట ఏ బోధకుడును మూలమును వంచలేడు. ఇక ప్రసంగమును కుదింపుమని నేనడుగను. ఒక్క వచనము చదివి గ్రంథము మూయు నేటి యలవాటును మాత్రము మానుడని, అధ్యాయమంతయు ముందుగా, నెమ్మదిగా, వెనుక వరుసలో కూర్చున్నవారికి సైతము వినబడునట్లు చదివి, ఆపైన మీ మాట చెప్పుడని బోధకులను వేడుకొనుచున్నాను.