పారేయాల్సిన బోల్టు

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక గ్యాస్ కటింగ్ మంట. ఆసిఫాబాద్‌లో ఒక షెడ్డు ముందు బొలెరో పికప్ వెనక భాగాన్ని జాకీల మీద లేపి పెట్టారు. కింద పడుకున్న పాతికేళ్ల మెకానిక్ యూ బోల్టుల నట్లను మంటతో కోసేస్తున్నాడు. పానా పట్టి చూడలేదు, డీజిల్ పోసి నానబెట్టలేదు. నాలుగు యూ బోల్టులు, ఎనిమిది నట్లు, ఒక్కోటీ ఎర్రగా కాలి కింద రాలుతున్నాయి.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు. గొడుగు కమ్మీ గురించి రాసినా, మిక్సీ బుష్షు గురించి రాసినా నేను అడిగింది ఒకటే: బాగయ్యేదాన్ని పారేయొద్దని. అందుకే ఆ మంట నన్ను అక్కడే నిలబెట్టింది.

ఆ బండి పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుకు పత్తి మోస్తుంది. మిగతా రోజుల్లో ఇటుక, సిమెంటు, అంగడి సామాను. తిర్యాణి వైపు మట్టిదారులు, కెరమెరి ఘాట్ మలుపులు అన్నీ తిరుగుతుంది. వానాకాలమంతా బురద నీళ్లలో తడిసే వెనక కమాన్ కట్ట కింద బోల్టులు తుప్పు పట్టకుండా ఎట్లా ఉంటాయి? తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో అది ఉబ్బి కూర్చుంటే మనిషి బలం చాలదు.

దానికి పాత ఉస్తాద్‌ల దగ్గర ఎంత విద్య ఉండేది! ముందు తీగ బ్రష్‌తో బురద, తుప్పు రాల్చేవాళ్లు. డీజిలో కిరసనాయిలో పోసి రాత్రంతా వదిలేసేవాళ్లు. పొద్దున నట్టు పలకల మీద సుత్తితో చుట్టూ కొట్టి, విప్పేముందు పిసరంత బిగించేవాళ్లు. తుప్పు కట్టు తెగిందని చేతికి తెలిశాకే వెనక్కి తిప్పేవాళ్లు. పలకలు అరిగి నట్టు గుండ్రమైతే ఒక సైజు తక్కువ రింగు పానా సుత్తితో దిగేసి పట్టేవాళ్లు. బోల్టు లోపలే విరిగిపోతే, ఆ మొండెం మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేసేవాళ్లు. వేడికి మొండెం ఉబ్బబోతుంది, చుట్టూ ఉన్న ఇనుము ఉబ్బనివ్వదు. ఆ ఒత్తిడికి తుప్పు పగులుతుంది. చల్లారేటప్పుడు మొండెం సన్నబడుతుంది. అప్పుడు పానా పెడితే మాట వింటుంది.

ఈ విద్య మోటారు బండితో వచ్చింది కాదు. నా చిన్నప్పుడు ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేరోజు మా ఊళ్లో సగం మంది చుట్టూ చేరేవాళ్లు. వడ్లాయన చక్రం సిద్ధం చేస్తే, కమ్మరాయన పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చేవాడు. ఉబ్బిన పట్టాను చక్రం మీద దించి నీళ్లు పోయగానే అది ముడుచుకుని ఆకులన్నిటినీ బిర్రుగా పట్టేది. బోల్టు లేదు, మేకు లేదు.

ఇనుముతో ఈ చుట్టరికం మన ప్రాంతానికి చాలా పాతది. మెట్‌పల్లికి దగ్గరున్న నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తయారుచేసేవాళ్లు. 1820లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్సీ ఆ పని కళ్లారా చూసి రాసుకున్నాడు. ఆ వివరం ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వచ్చిన వ్యాపారి ఆయనకు ఆ ఊళ్లోనే కనబడ్డాడు. 2010లో బెంగళూరు, ఇంగ్లండ్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఇనుము కరిగించిన చోట్లు, చిట్టెం కుప్పలు నమోదు చేశారు.

ఆ కొలుములు ఆరిపోయినా కమ్మరి చెయ్యి మాత్రం ఉక్కును వదల్లేదు. ఈరోజు ఆయనకు ముడిసరుకు లారీలు, పికప్‌ల విరిగిన కమాన్ పట్టీలే. అందులో సుమారు 0.6 శాతం కర్బనం ఉంటుంది. కాల్చి, సాగగొట్టి, నీళ్లు పట్టిస్తే మంచి గొడ్డలో కొడవలో అవుతుంది. రోడ్డు మీద పని అయిపోయిన పట్టీ ఇంకో ఇరవై ఏళ్లు పొలంలో పనిచేస్తుంది. ఇంతకన్నా గొప్ప మరమ్మతు నాకు తెలియదు.

ఇదంతా మనసులో పెట్టుకునే ఆ పిల్లవాణ్ని అడిగాను.

"తమ్మీ, విప్పితే రావా అవి? కోసుడెందుకు?"

"ఒస్తయి సార్, ఒక పూట నానవెడితె ఒస్తయి. కని ఇప్పినా గవి మళ్ల ఎక్కియ్య. కొత్తయి ఏసుడే. పారేసేదానికి పూట ఎందుకు ఖరాబు? మంట నట్టు దిక్కే పెడుతున్న, పట్టీకి తాకనిస్తలేను."

పట్టీ గురించి అడగకముందే చెప్పాడు చూడండి. మంట తాకితే కమాన్ ఉక్కు మెత్తబడుతుంది, అక్కడే కుంగుతుంది, అక్కడే విరుగుతుంది. అది తెలిసినవాడి మాట తేలిగ్గా తీసేయలేం. ఇంటికొచ్చి ఆలోచించినకొద్దీ ఆ మాటకే బలం పెరిగింది.

యూ బోల్టు చేసే పని కమాన్ కట్టనూ వెనక ఇరుసు హౌసింగ్‌నూ ఒకదానిమీద ఒకటి జారకుండా అదిమి పట్టడం. బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడులో ఉన్న లాగుడే పట్టు. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, పదో వంతు మాత్రమే పట్టుగా మారుతుంది. తుప్పు తిన్న థ్రెడ్‌లో రాపిడి ఇంకా ఎక్కువ. చేతికి గట్టిగా బిగిసినట్టే తెలుస్తుంది, లోపల పట్టు ఉండదు. పైగా నట్టు మోసే బరువులో మూడో వంతు దాకా మొదటి చుట్టు మీదే పడుతుంది. ఒకసారి సాగి, వంకరపోయిన ఆ చుట్టు మీద రెండోసారి నమ్మకం పెట్టలేం.

పట్టు సడలితే భారమంతా సెంటర్ బోల్టు మీదికి పోతుంది. దాన్ని పెట్టింది పట్టీలను వరుసలో నిలపడానికే. అది తెగితే హౌసింగ్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది. ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఇంకో దారి పడతాయి. కెరమెరి ఘాట్‌లో, వెనక కూలీలు కూర్చున్న బండికి అట్లా కావడం ఊహించుకోలేను.

అప్పుడు మా నాయిన గుర్తొచ్చాడు. తెగిన పగ్గాన్ని పేని మళ్లీ కట్టేవాడు, వంగిన మేకును సాపు చేసి డబ్బాలో దాచేవాడు. అట్లాంటి మనిషి రెబ్బెన దగ్గర గంగాపూర్ జాతరకు బండి కట్టేముందు ఇరుసు చీల మాత్రం కొత్తది చేయించేవాడు. పాతది బాగానే ఉన్నా సరే. చక్రాన్ని ఇరుసు మీద నిలిపేది అదొక్కటే, బండిలో ఉండేది ఇల్లంతా. ఆయన పొదుపుకు ఒక హద్దు ఉండేది. నేను ఆయన పొదుపును నేర్చుకున్నంతగా ఆ హద్దును పట్టించుకోలేదు.

కాబట్టి ఇన్నాళ్ల నా వాదానికి ఒక షరతు కలుపుతున్నాను. హౌసింగ్ పాడైతే బాగు చేయండి. షాకిల్ బ్రాకెట్‌లో థ్రెడ్ పోతే ట్యాప్ కొట్టండి, లేదా ఒక సైజు పెంచండి. కొత్త బోల్టు వేసేముందు థ్రెడ్ చూసుకోండి: 12 మిల్లీమీటర్ల బోల్టులోనే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.25, 1.5, 1.75 అని తేడాలున్నాయి. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే బలవంతం చేయకుండా కొలిచి చూడండి. విరిగిన పట్టీని కమ్మరి కొలిమికి పంపండి. మనుషుల ప్రాణాలను పట్టి ఉంచే బోల్టును మాత్రం, ఎంత బాగా కనబడినా, పారేయండి.

బండి యజమానులకు ఒక మనవి. మెకానిక్ కొత్త యూ బోల్టులు కావాలంటే బేరమాడకండి. బోల్టు తల మీద 8.8, 10.9 లాంటి అంకెలు బలాన్ని చెబుతాయి. యూ బోల్టుకు తల ఉండదు కాబట్టి బండి కంపెనీ చెప్పిన సైజు, రకమే అడగండి. ఒక్కో పక్క నాలుగు నట్లనూ మూలమూలకూ మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించమనండి. మొదటి లోడు దించాక షెడ్డుకు తిరిగి వెళ్లి మళ్లీ బిగించుకోండి. బోల్టులు, పట్టీలు సర్దుకున్నాక పట్టు తప్పకుండా సడలుతుంది.

షెడ్డు కుర్రాళ్లకు ఇంకో మనవి. మంట పట్టే ముందు పానా, డీజిల్, వెల్డింగ్ నట్టు మూడూ నేర్చుకోండి. విప్పడం రానివాడు కోస్తే అది చేతగానితనం. విప్పడం వచ్చినవాడు పారేయాల్సినదాన్ని కోస్తే దాన్ని విద్యలో భాగంగానే నేను ఒప్పుకుంటాను.