ఐదు పైసల సాక్ష్యం

పాత కవరు చేతికొస్తే చాలామంది ముందు లోపల ఉత్తరం ఉందా అని చూస్తారు. నేను ముందు స్టాంపుల విలువ కూడతాను. పంపినవాళ్లు ఎంత కట్టారు, అప్పట్లో ఎంత కట్టాలి అన్న లెక్క తేలితే మిగతా ముద్రలు వాటంతటవే నోరు విప్పుతాయి.

నా దగ్గరున్న ఒక కవరు ఖరగ్‌పూర్‌లో పోస్టయింది. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. చిరునామా తెనాలిది. ముద్రలో ఊరి పేరు, జనవరి 4 అన్నంతవరకు తెలుస్తోంది. సంవత్సరం ఉండాల్సిన చోట సిరా అంటలేదు, భూతద్దం పెట్టినా లాభం లేదు. స్టాంపులు రెండు. ఒకటి 20 పైసల నాట్ యుద్ధవిమానం. రెండోది ఐదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు, దాని మీద ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని మళ్లీ కొట్టిన అచ్చు.

అప్పట్లో మామూలు కవరుకు 20 పైసలు చాలు. పైన ఈ ఐదు పైసలెందుకు? 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. వాళ్ల సాయం కోసం ఆ ఏడాది నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద ఐదు పైసల పన్ను వేశారు. కొత్త స్టాంపు అచ్చయ్యేదాకా ఆగలేక ఉన్న స్టాంపుల మీదే అక్షరాలు కొట్టారు. బెంగళూరు, జైపూర్ లాంటి చోట్ల ఆ పని స్థానికంగానే కానిచ్చారు. అందుకే ఆ అక్షరాల సైజు, అమరిక ఊరికో తీరుగా కనిపిస్తాయి. శరణార్థులు 1972లో తిరిగి వెళ్లిపోయాక కూడా పన్ను 1973 మార్చి 31 వరకు నడిచింది.

అంటే ఈ జనవరి 1972దైనా కావాలి, 1973దైనా కావాలి. తేల్చింది చిరునామా చివర ఉన్న 522201. పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. కాబట్టి ఇది 1973 జనవరి 4న పోస్టయిన కవరు. సిరా చెప్పలేని సంవత్సరాన్ని ఒక ఐదు పైసల స్టాంపు, ఆరంకెలు కలిసి చెప్పాయి. ఈ పనిలో నాకు ఇంతకన్నా ఆనందం మరొకటి లేదు.

వెనకాల తెనాలి బట్వాడా ముద్ర ఉంది. సంవత్సరం మీదుగానే కవరు చించారు గానీ జనవరి 23 అన్నది చక్కగా మిగిలింది. ఖరగ్‌పూర్ నుంచి తెనాలికి పంతొమ్మిది రోజులా! 1973 జనవరి అంటే కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. రైళ్లు ఆగిపోయాయి, ఆ నెలలోనే రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆలస్యానికి కారణం ఫలానా అని కవరు మీద ఎవరూ రాయలేదు. సంవత్సరం తేలాక నాకు మాత్రం వేరే కారణం తోచడం లేదు.

మరో కవరు మీద స్టాంపులు 15 పైసలవే, పక్కన నీలం పెన్సిల్‌తో 10 అని ఉంది. ఐదు పైసలు తక్కువైతే దానికి రెట్టింపు, పది పైసలు, అందుకున్నవాళ్లు కట్టాలి. అదే బేరింగు. ఇంట్లో చిల్లర లేక పక్కింటికి పరుగెత్తించిన ఉత్తరాలు మన పెద్దవాళ్లకు బాగా గుర్తే.

అందుకే స్టాంపు కోసం కవరు మూల కత్తిరించి నీళ్లలో నానబెడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నాట్ స్టాంపు విడిగా ఎక్కడైనా కొన్ని రూపాయలకు దొరుకుతుంది. ఖరగ్‌పూర్ ముద్ర, పిన్‌కోడ్, తెనాలి తేదీ మళ్లీ ఒక్కచోట దొరకవు. అటక మీద పాత ఉత్తరాల కట్ట ఉంటే కవర్లను అలాగే ఉంచండి, చిరిగినవైనా సరే. వెనక వైపు కూడా చూడండి.