దూరానికి చుక్కలు, దగ్గరికి క్షణాలు: కన్సోల్ రేసింగ్ ఆటల్లో రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్

కన్సోల్ మీద ఆడే కార్ల పందెపు ఆటలను సమీక్షించేవారు రెండు అంకెలను తప్పకుండా ప్రస్తావిస్తారు. ఒకటి రిజల్యూషన్: తెర మీది బొమ్మను ఎన్ని పిక్సెళ్ళతో గీస్తున్నారన్నది. రెండోది ఫ్రేమ్ రేట్: అలాంటి బొమ్మలను సెకనుకు ఎన్ని గీస్తున్నారన్నది. ఈ అంకెలను పరీక్ష మార్కుల్లా చదవడం మనకు అలవాటైపోయింది. 1080 కన్నా 2160 మేలు, 30 కన్నా 60 మేలు; అంతటితో చర్చ ముగుస్తుంది. నవలను పేజీల లెక్కన తూచడం ఎంత విమర్శో ఇదీ అంతే. అలాగని ఈ అంకెలు సాంకేతిక నిపుణుల గొడవ మాత్రమేనని తోసిపుచ్చడమూ సరికాదు. రేసింగ్ ఆటకు ఇవి పద్యానికి ఛందస్సు వంటివి. ఆట దేన్ని చూపగలదో, దేన్ని వదులుకోవాలో చాలావరకు ఇవే నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయాలను చదవడం ఎలాగన్నదే ఈ వ్యాసం విషయం.

ముందుగా లెక్క. 1280×720 బొమ్మలో సుమారు 9.2 లక్షల పిక్సెళ్ళుంటాయి. 1920×1080లో 20.7 లక్షలు, 3840×2160లో 82.9 లక్షలు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్లలో పూర్తిచేయాలి; 30 చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. కన్సోల్ శక్తి స్థిరం. కొన్ననాడు ఎంతో, ఆరేడేళ్ళ తర్వాతా దాదాపు అంతే. కాబట్టి పిక్సెళ్ళు, ఫ్రేములు, వాన, రాత్రి, పోటీ కార్ల సంఖ్య అన్నిటికీ ఒకే సంచిలోంచి ఖర్చుపెట్టాలి. ఒకదానికి ఎక్కువిస్తే మరొకదానికి కోత తప్పదు.

సినిమా సెకనుకు 24 ఫ్రేములతోనే వందేళ్ళుగా నడుస్తుంటే ఆటకు 60 ఎందుకన్న ప్రశ్న తరచూ వినబడుతుంది. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. సినిమా కెమెరా ప్రతి ఫ్రేములోనూ కొంత కాలాన్ని పోగుచేస్తుంది. కదిలే వస్తువు కాస్త చెరిగి కనబడుతుంది, ఆ చెరుపే ఫ్రేముల మధ్య ఖాళీని కప్పుతుంది. ఆటలో ప్రతి ఫ్రేమూ గడ్డకట్టిన ఒక క్షణం. చెరుపు కావాలంటే దాన్నీ లెక్కగట్టి గీయాలి. అంతకన్నా ముఖ్యం, సినిమా ప్రేక్షకుడికి జవాబు చెప్పనక్కరలేదు. ఆట చెప్పాలి. చేతిలో స్టీరింగ్ తిప్పిన సంగతి తెర మీద కనబడేలోపు కొన్ని ఫ్రేములు గడిచిపోతాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 83 మీటర్లు దాటుతుంది. 30 ఫ్రేముల ఆటలో ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య 2.8 మీటర్లు, 60 ఫ్రేముల ఆటలో 1.4 మీటర్లు. మలుపులో చక్రం గడ్డి మీదికి జారడానికి ఆ తేడా చాలు.

అయితే రిజల్యూషన్‌కు రేసింగ్‌లో పనిలేదా? నిజానికి చాలా పనుంది. నడిపేవాడి చూపు రోడ్డు చివర, మలుపు మొదలయ్యే చోట నిలుస్తుంది. అక్కడ వస్తువులు తెర మీద నెమ్మదిగా కదులుతాయి, చిన్నవిగా ఉంటాయి. బ్రేకు వేయవలసిన చోటును సూచించే మీటరు వెడల్పు బోర్డు ఒకటి 150 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఆటలోని కెమెరా అడ్డంగా 60 డిగ్రీలు చూస్తోందనుకుంటే, 1920 పిక్సెళ్ళ వెడల్పున్న తెర మీద ఆ బోర్డు సుమారు 11 పిక్సెళ్ళు, 1280లో 7, పాత 640లో 4 కన్నా తక్కువ. నాలుగు చుక్కల్లో అంకెను చదవలేం. రిజల్యూషన్ అంటే ఇక్కడ ముందుచూపు.

దగ్గరి వస్తువుల సంగతి వేరు. పక్కనే దూసుకుపోయే కంచె తెర ఈ చివరినుంచి ఆ చివరికి ఒక సెకనులో దాటిందనుకుంటే, 1920 వెడల్పులో ఫ్రేముకు 32 పిక్సెళ్ళ చొప్పున గెంతుతుంది. 30 ఫ్రేముల ఆటలో 64. ఎల్‌సీడీ తెర ప్రతి ఫ్రేమునూ తర్వాతిది వచ్చేవరకు పట్టి ఉంచుతుంది కనుక, దాన్ని వెంబడించే కంటికి ఆ వస్తువు దాదాపు అంత మేరా అలుక్కుపోతుంది. పాత సీఆర్‌టీ గొట్టపు టీవీలలో ఈ చిక్కు చాలా తక్కువ. కాబట్టి కదిలే వస్తువు స్పష్టతను నిర్ణయించేది ఫ్రేమ్ రేటే. దూరానికి చుక్కలు కావాలి, దగ్గరికి క్షణాలు కావాలి. ఏ ఆట దేన్ని ముఖ్యమనుకుందో గమనించడం దగ్గర విమర్శ మొదలవుతుంది.

చరిత్రలో ఈ ఎంపికలు స్పష్టంగా కనబడతాయి. సెగా వారి డేటోనా యూఎస్ఏ ఆర్కేడ్ యంత్రంలో సెకనుకు 60 ఫ్రేములతో నడిచేది. 1995లో శాటర్న్ కన్సోల్‌కు వచ్చేసరికి సుమారు 20కి పడిపోయింది. అదే ఏడాది అదే కన్సోల్‌కు వచ్చిన సెగా ర్యాలీ 30 ఫ్రేములను పట్టుకుని నిలబడింది. యంత్రం ఒకటే; రెండో ఆట తన స్తోమతకు తగిన కొలతను ఎంచుకుని దాన్ని తప్పలేదు. నామ్‌కో 1998లో రిడ్జ్ రేసర్ టైప్ 4తో పాటు ఒక అదనపు డిస్కును ఇచ్చింది. అందులో ప్లేస్టేషన్ తొలి రిడ్జ్ రేసర్‌ను 60 ఫ్రేములకు పెంచి చూపారు. దానికి చెల్లించిన మూల్యం పోటీదారులు: పదకొండు కార్లతో పందెం కాస్తా ఒకే కారుతో పోటీగా మారింది. నునుపు పెరిగింది, సందడి పోయింది. ఫ్రేమ్ రేట్ ఉచితం కాదనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అరుదు.

గ్రాన్ టూరిస్మో 5 (2010) చిక్కైన ఉదాహరణ. ప్లేస్టేషన్ 3 మీద ఇది 1080పీ, 60 ఫ్రేములు అన్న రెండు వాగ్దానాలతో వచ్చింది. లోపల గీసే బొమ్మ మాత్రం 1280×1080. నిలువు పూర్తిగా ఉంది, అడ్డం మూడింట రెండు వంతులే, మిగతాది సాగదీత. టీవీకి వెళ్ళే సంకేతం 1080పీ కాబట్టి వాగ్దానం అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఇందాకటి బ్రేకు బోర్డు ఇక్కడ ఎత్తులో స్పష్టం, వెడల్పులో మాత్రం 720పీ ఆటలోలాగా ఏడు పిక్సెళ్ళే. పైగా వానలోనూ, కార్లు గుమిగూడినప్పుడూ 60 నిలవదు. తెర పైభాగం ఒక ఫ్రేమునూ కిందిభాగం మరో ఫ్రేమునూ చూపి బొమ్మ అడ్డంగా చిరిగినట్టవుతుంది. సగటు 60కి దగ్గరగా ఉన్నా, తప్పేది సరిగ్గా నడిపేవాడికి అవసరమైన వేళలోనే. లయలో సగటుకు విలువ లేదు. తాళం ఎక్కడ తప్పిందన్నదే వినబడుతుంది.

ఈ ఆటలో పెరిగిన రిజల్యూషన్ మరో నిజాన్నీ బయటపెట్టింది. వెయ్యికి పైగా ఉన్న కార్లలో రెండు వందల పైచిలుకు మాత్రమే కొత్తగా, లోపలి భాగాలతో సహా మలిచినవి; తక్కినవి ప్లేస్టేషన్ 2 కాలపు నమూనాలు. పాత టీవీ మసకలో చక్కగా కనబడిన కార్లే ఈ తెర మీద గరుకుగా, అట్టముక్కలు అతికించినట్టుగా తేలాయి. పిక్సెళ్ళు అందాన్ని కలపవు. ఉన్నదాన్ని చూపుతాయి, లేనిదాన్ని కూడా.

దీనికి భిన్నంగా, 2008లో అదే కన్సోల్‌కు వచ్చిన వైపౌట్ హెచ్‌డీ తన ప్రాధాన్యాన్ని దాచుకోలేదు. భారం పెరిగినప్పుడు అడ్డపు రిజల్యూషన్‌ను క్షణకాలం తగ్గించి 60ని కాపాడుకుంది. మెరుపు వేగంతో పోతున్నప్పుడు పిక్సెళ్ళు తగ్గితే కంటికి తెలియదు, ఫ్రేము తప్పితే చేతికి తెలుస్తుంది. ఆ ఆట స్వభావం ఎరిగినవారి నిర్ణయం అది.

తర్వాతి తరంలో రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 5 (2013) ఎక్స్‌బాక్స్ వన్‌తో పాటే 1080పీ, 60 ఫ్రేములతో వచ్చింది. అందులో వాన లేదు, రాత్రి లేదు. వెలుగంతా ముందే లెక్కగట్టి దారుల మీద పూసినది. ప్లేస్టేషన్ 4కు వచ్చిన డ్రైవ్‌క్లబ్ (2014) 1080పీలో 30 ఫ్రేములతో సరిపెట్టుకుంది. మిగిలిన కాలాన్ని మారే పొద్దుకూ, మబ్బులకూ, తర్వాత వచ్చిన వానకూ ఖర్చుపెట్టింది. అద్దం మీద చినుకులు పక్కకు జారే తీరు చూస్తే ఆ ఖర్చు వృథా అనలేం. మొదటిది పందెపు దారిని నేర్చుకోమంటుంది. రెండోది ఆ దారిలో ఉన్న వాతావరణాన్ని అనుభవించమంటుంది. 30 అన్న అంకె చూసి రెండోదాన్ని కొట్టిపారేసిన సమీక్ష, దాన్ని ఎందుకు కొన్నారో అడగలేదు. అయినా ఒక మాట తప్పదు: ఇరుకు మలుపుల్లో డ్రైవ్‌క్లబ్ స్టీరింగ్ బరువుగా, ఆలస్యంగా తోస్తుంది. వాన అందానికి చెయ్యి చెల్లించిన మూల్యం అది.

ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. 2018లో ఫోర్జా హొరైజన్ 4 ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ మీద ఎంపికను ఆటగాడికే అప్పగించింది: 4కేలో 30 ఫ్రేములా, 1080పీలో 60 ఫ్రేములా? స్వేచ్ఛగా కనిపించే ఈ మెనూను చాలా ఆటలు ఇప్పుడు అనుసరిస్తున్నాయి. ఊళ్ళు తిరుగుతూ ప్రకృతిని చూసే హొరైజన్‌కు ఇది నప్పుతుంది. ఆ ఆటలో నిజంగానే రెండు రకాల ప్రయాణికులున్నారు. అన్నిటికీ నప్పదు. రచయిత తేల్చవలసిన వాక్యాన్ని పాఠకుడి ముందు రెండు పాఠాంతరాలుగా పెట్టినట్టవుతుంది. గ్రాన్ టూరిస్మో 7 (2022) ప్లేస్టేషన్ 5 మీద విడుదలైనప్పుడు చేసిన పని ఇంకా తెలివైనది. కాంతి ప్రతిఫలనాలను లెక్కగట్టే రే ట్రేసింగ్‌ను గ్యారేజీకీ, రీప్లేకూ, ఫోటోలు తీసే విభాగానికీ పరిమితం చేసింది. పందెంలో మాత్రం 60 ఫ్రేములకే కట్టుబడింది. చూసే కన్ను వేరు, నడిపే కన్ను వేరు అని గుర్తించిన విభజన అది.

ప్రకటనలూ, మనం పంచుకునే స్థిరచిత్రాలూ మొదటి కన్నుకే పనికొస్తాయి. ఫ్రేమ్ రేటును ఫోటోలో చూపలేం, అట్టపెట్టె మీద ముద్రించలేం. అందుకే మార్కెట్ ఎప్పుడూ పిక్సెళ్ళ వైపు మొగ్గుతుంది. నడిపేవాడి తరఫున మాట్లాడే బాధ్యత విమర్శకుడి మీద పడుతుంది. ఆ బాధ్యత 60 కావాలని నినదించడంతో తీరదు. ఈ ఆట దూరాన్ని చూపదలచిందా, వేగాన్నా, వాతావరణాన్నా? దానికి తగ్గ కొలతను ఎంచుకుందా? ఎంచుకున్న కొలతను అత్యంత కష్టమైన మలుపులో కూడా నిలుపుకుందా? ఈ మూడు ప్రశ్నలకూ ఆడి చూసి జవాబు చెప్పిన సమీక్షకు అంకెలు ఆధారాలవుతాయి. ఆ ప్రశ్నలు వేయని సమీక్షలో అవి అట్టపెట్టె మీది రాతలుగానే మిగులుతాయి.