పనసాకు బుట్టలో పొట్టిక్కలు

కోటిపల్లిలో పంటెక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. అక్కడి నుంచి అంబాజీపేట దాకా కోనసీమ ఇళ్లలో పొట్టిక్కలకి, అంటే పనసాకు బుట్టలో ఉడికించే ఇడ్లీలకి, బుట్టలు కుట్టే చేతులంటే నాకెంతో గౌరవం. పెరట్లోని 4 పనసాకులు, కొబ్బరి ఈనెపుల్ల ముక్కలు, అంతే; పైసా ఖర్చు లేదు. ఆకులను అడుగున ఒకదానిపై ఒకటి చేర్చి పుల్ల గుచ్చుతారు, పక్కలు పైకి మడిచి మళ్లీ గుచ్చుతారు. పిండి కారకూడదు, పనితనమంతా అక్కడే. మరీ లేతాకు నిలబడదు, ముదురాకు విరుగుతుంది. చూడగానే సరైన ఆకు కోసే పెద్దమ్మల నేర్పు ఏ పుస్తకంలోనూ దొరకదు.

పిండికి ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల ఇడ్లీ రవ్వ. పులిసిన పిండి సిద్ధంగా ఉంటే, బుట్టల్లో పోసి పెడితే రాత్రి వంటకి 20 నిమిషాల ఆవిరి చాలు. పక్కన కొబ్బరి పచ్చడి. ఆకు వాసన పట్టిన ఆ రుచి స్టీలు రేకుల్లో వండిన ఇడ్లీకి రానే రాదు.