కైవార తత్త్వములలో శోకము – ఆశ్వాసము

కర్ణాటకములోని బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007వ సంవత్సరము వరకు కోలారు జిల్లాలోనివి. నేడు చిక్కబళ్ళాపుర జిల్లాలోనివి. పాతపాళ్యము మొదలగు గ్రామములలో ఇంటిమాట తెలుగు, బడిచదువు కన్నడము. ఈ సీమ తెలుగువారి కొసగిన విలువైన కానుక కైవార నారాయణప్పగారి తత్త్వములు, కాలజ్ఞానము. వానియందలి ఆశ్వాసము ఎట్టిదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

నారాయణప్పగారి జీవితకాలము 1726–1836 అని సంప్రదాయము. ఈ లెక్కను యథాతథముగా గ్రహింపకున్నను, ఆ కాలపు సంక్షోభము చరిత్రప్రసిద్ధము. 1761లో మైసూరు అధికారము హైదరలీ చేజిక్కెను. 1791లో ఆంగ్లసేనలు నందిదుర్గమును పట్టుకొనెను. 1799లో టిప్పు కూలెను. 1831లో మైసూరు పాలన ఆంగ్లేయుల వశమయ్యెను. ఊళ్ళ పేళ్ళలో పాళ్యమను మాట నిలిచినది గాని పాళెగాండ్ర యేలుబడి నిలువలేదు.

ఆయన మలారము మోసి గాజులమ్మినవాడని ప్రతీతి. పెండ్లికి గాజులు తొడిగించుకొనిన చేతులే మరియొకనాడు బోసిపోవుట ఆ వృత్తివానికి కన్నులయెదుటి సంగతి. దేహము, సిరి, బంధుత్వము నిలుకడలేనివను మాట తత్త్వకవులందరును చెప్పినదే. ఈయనయందు అది గ్రంథమునుండి దిగిన మాటగాక, గడపగడపను చూచినవాని మాటగా వినబడును.

కాలజ్ఞానమును చదువువారు పెక్కురు, ఏ జోస్యము ఫలించినదను లెక్కతో తృప్తినొందుదురు. ఇది కావ్యమునకు తగిన కొలతగాదు. రాబోవు విపత్తునకు ముందే మాట దొరకినచో భయము సగము తగ్గును. తలక్రిందులైన లోకమునకు గూడ ఒక క్రమమున్నదని జనులను నమ్మించుటయే దాని ప్రయోజనము.

రచనాశిల్పమును గమనింతము. ఆయన ముద్ర ‘అమరనారేయణ’. కైవారమందలి అమరనారాయణస్వామి నామమది. నశించువానిని గూర్చి సాగిన పాట నశింపని నామమున విశ్రమించును. చరణమును ఒక్కడు పాడగా పల్లవిని పలువురందుకొందురు. అట్లు ఒకరి దుఃఖము పదిమంది గొంతులలో పంచబడును. విశ్వాసమిచ్చట వాదముచే గాక గానముచే సిద్ధించుచున్నది.

కైవారమే భారతమందలి ఏకచక్రపురమని స్థలపురాణము. బకాసురునకు ఆహారము కావలసిన బ్రాహ్మణకుటుంబము విలపించుచుండగా, పసిబాలుడు గడ్డిపరకను చేతబట్టి రక్కసుని చంపెదననెను. అంతటి శోకములోను తలిదండ్రులకు క్షణకాలము సంతోషము కలిగెను. అటుపిమ్మట కుంతి వారి దుఃఖమును తనదిగా స్వీకరించెను. ఏడ్పు, ఆశ, పొరుగువాని అండ: తత్త్వభజనలోని క్రమమును ఇదియే.

ఈ తెలుగు పాటలు ఆ సీమలో కన్నడలిపిలో గూడ ముద్రితములై వ్యాప్తి నొందినవి. లిపి మారినను మాట చావలేదు. గురుపూర్ణిమనాడు కైవారమున జరుగు సంగీతోత్సవము వానికి ఆదరువు. కాని గొంతునుండి గొంతునకు సాగు పాట ఒక తరము మౌనము వహించినచో తెగిపోవును. కావున ఉభయలిపులలోని పాఠములను పోల్చి, పాడువారి నోటిపాఠములతో సరిచూచి పరిష్కరించుట తెలుగు పండితులు తడవుచేయక పూనవలసిన కార్యము. ఒక సీమకు ఓదార్పునిచ్చిన మాటను కాపాడుట సాహిత్యసేవయే గదా!