ఫలానావారి ధర్మపత్ని

మేడ్చల్, శామీర్‌పేటల చుట్టూ మా అమ్మమ్మ తల్లి కోసం వెతుకుతున్నాను. పాత పత్రికల్లోని మరణవార్తను ఒక ప్రక్రియగా చదివి చూడండి: కర్త కొడుకు, తేదీ పెద్దకర్మది; పోయిన మనిషి మాత్రం 'ఫలానావారి ధర్మపత్ని'. సమాధుల రిజిస్టర్లు చర్చిలకుంటాయి. పొలం గట్టున పూడ్చుకున్న మావాళ్ళకు ఒక రాయే. అదీ ప్లాట్లలో కలిసిపోయింది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కాగితాలెక్కని ఆడవాళ్ళను అడిగి రాసుకుంది. ఆ ఋణం తీరేది కాదు. కానీ వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నవాళ్ళు. నాట్లేసి, పిల్లల్ని కని పోయినామె చరిత్రకెక్కాలంటే ఉద్యమం ఉండాల్సిందేనా?

మా పెద్దమ్మకు ఆమె పేరు తెలుసు. "ఎవ్వరడగలే బిడ్డా" అంది. రాసుకున్నాను. ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా? అక్కడ ఖాళీ వదిలాను.